అంచు కుట్టకముందు

కర్టెనక్కతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా వాడికింకా మాటలొచ్చి ఉండవు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆవిడ అన్నదంటే, నాలుగో కాలెక్కడ పోయిందో ఆ కుందేలే వెతుక్కోవాలి. ఇళ్ళకీ ఆఫీసులకీ కర్టెన్లు కుట్టడం ఆవిడ పని. చిన్నాపెద్దా అందరికీ కర్టెనక్కే. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తుంది.

ఆవిడ పనిలో ఒక పట్టింపుంది. కొత్త కర్టెన్‌కి పైన అంతా కుట్టి, రింగులు వేసి, కిటికీకి తగిలించేస్తుంది. కింద అంచు మాత్రం కుట్టదు. పిన్నులు పెట్టి, "మళ్ళీ వస్తా" అని వెళ్ళిపోతుంది. "అదేంటమ్మా, సగం పని చేసి పోతున్నావ్?" అని ఇంటివాళ్ళు లబోదిబోమంటారు. "బట్ట తన బరువుకి తను సాగుతుందండీ. ఎంత సాగాలో అంత సాగనివ్వండి. అప్పుడొచ్చి కుడతా. ఇవాళే కుట్టానంటే నెల తిరక్కుండా మీ నేల తుడుస్తుంది" అంటుంది. చుట్టాలొస్తున్నారన్నా వినదు, చుట్టాల్ని ఆగమనండి అంటుంది. ఆవిడ ఆడపడుచు ఒకావిడ ఉంది, మొగుడికి అక్క. ఆవిడ ఓపిక పట్టలేక ఇంకొకడి చేత అంచు కుట్టించుకుంది. ఆ కర్టెన్లు ఇప్పటికీ ఆవిడ హాల్లో నేలమీద జీరాడుతుంటాయి. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ఆవిడ వంటింట్లో ఏదో మాడుతోందని లేచి వెళ్ళిపోతుంది.

మొగుడు బస్సు డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. బస్సుకి హారనుందన్న సంగతి కూడా తప్పనిసరైతేనే గుర్తొస్తుంది. వీళ్ళిద్దరికీ కలిపి ఒక్కతే కూతురు. దాన్ని అందరూ బాకా అని పిలిచేవాళ్ళు. పుట్టినప్పుడు ఆస్పత్రిలో అది పెట్టిన కేకకి పక్క గదిలో పేషెంటు ఆపరేషన్ వద్దని లేచి కూర్చున్నాడట. ఇది డ్రైవరు చెప్పే ఏకైక జోకు. వాళ్ళుండేది సిటీ నడిబొడ్డున, బట్టలుతికే షాపు పైన రెండు గదుల్లో. కింద మిషన్లు తిరుగుతుంటే పైన మంచాలు వణికేవి. ఆ మోతలో తన మాట వినబడాలంటే అరవాల్సిందే కాబట్టి, బాకా అరిచేది. నవ్వితే అరుపు, అలిగితే అరుపు, ఆకలేస్తే చెప్పనే అక్కర్లేదు.

అలాంటి రోజుల్లో డ్రైవరుకి బదిలీ అవకాశం వచ్చింది. సిటీ దాటాక, రైలు ఆగే చివరి స్టేషన్ దగ్గరున్న ఊళ్ళో కొత్త డిపో పెట్టారు. అక్కడైతే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండొచ్చు. ఇక్కడైతే కూతుర్ని నిద్రలోనే చూడాలి. ఒకసారి బాకాని, "మీ నాన్న ఎలా ఉంటాడే?" అని షాపువాడు సరదాకి అడిగితే, "నీలం చొక్కా" అని చెప్పింది. షాపువాడు పగలబడి నవ్వాడు. ఆ మాట విన్న డ్రైవరు మాత్రం రెండు రోజులు సరిగ్గా తినలేదు.

ఆ చివరి ఊళ్ళోనే ఆడపడుచు ఉంటుంది. తమ్ముడి బదిలీ మాట చెవిన పడగానే ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చింది.

"పిల్లల్ని పెంచాలంటే మా ఊరేరా! రోడ్లు చూడు, అద్దంలా ఉంటాయి. గాలి చూడు. స్కూలు నాలుగడుగుల్లో. మా పక్కిల్లు అమ్మకానికుంది. ఇంటాయన పెద్దమనిషి, మనవాళ్ళకైతే ఆగుతానన్నాడు. ఈ మురికిలో పిల్లనేం పెంచుతారు? ఏం అమ్మాయ్, మాట్లాడవేం?"

"చూద్దాం వదినా" అంది కర్టెనక్క.

"చూడ్డానికేముంది ఇంకా?"

"ఉండి చూద్దాం. మీ మేడ మీద వాటా ఖాళీయేగా. అద్దెకుంటాం. బాగుందనిపిస్తే ఇల్లు తీసుకుంటాం. లేదంటే లేదు."

"ఊరేమన్నా కర్టెనటే, కొన్నాళ్ళు వేలాడదీసి చూడ్డానికి?"

"కర్టెన్‌కే అంత చూస్తాం. పిల్ల బతుకుకి చూడొద్దా?"

చుట్టాలంతా నోళ్ళు నొక్కుకున్నారు. పిన్నులు, బాబాయిలు, డ్రైవరు తోటి డ్రైవర్లు, ఆఖరికి కింద షాపులో ఇస్త్రీ చేసేవాడు కూడా, "అంత మంచి ఇల్లు వస్తుంటే బేరాలేంటక్కా?" అని సలహా ఇచ్చాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకురా అని వాడి నోరు మూయించి, ఆవిడ కుట్టుమిషను మోయించుకుని బయల్దేరింది.

నిజం చెప్పాలి కదా, ఆ ఊరు ఆవిడకి నచ్చింది. ఆడపడుచు చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాదు. వీధికి రెండువైపులా ఒకే ఎత్తు గోడలు, ఒకే రంగు గేట్లు, కత్తిరించిన పచ్చిక. చెత్తబుట్టలు కూడా కడిగి బోర్లించి ఉండేవి. స్కూల్లో టీచరు పిల్లల్ని పేరుపేరునా పలకరించేది. అన్నిటికన్నా మించి, డ్రైవరు సాయంత్రానికి ఇంట్లో ఉండేవాడు. కూతురికి సైకిలు నేర్పాడు. ముగ్గురూ ఒకేసారి భోజనానికి కూర్చునేవాళ్ళు. మొదటి రోజు అలా కూర్చున్నప్పుడు ఎవరికి ఎవరు వడ్డించాలో తెలీక ముగ్గురూ గరిట కోసం ఒకేసారి చెయ్యి చాపారు. మొగుడి మొహంలో ఆ వెలుగు కర్టెనక్క పెళ్ళినాడు కూడా చూడలేదు.

వచ్చిన వారానికి ఎదురింటావిడ నవ్వుతూ గేటు దగ్గరికొచ్చింది. "మీ పాప గొంతు ఎంత బాగుందండీ! మా లోపలి గది దాకా వినబడుతుంది" అంది. కర్టెనక్క అది మెచ్చుకోలనుకుని, "మా వంశంలోనే అంతండీ" అని మురిసిపోయింది. ఆ ఎదురింటావిడ నవ్వు చెదరకుండానే వెళ్ళి కిటికీ మూసుకుంది. పక్కనే ఉన్న ఆడపడుచు తల కొట్టేసినట్టు నిలబడిపోయింది.

"ఆవిడ పొగిడిందనుకున్నావా పిచ్చిదానా? ఇక్కడ ఎవరూ మొహం మీద అనరు. మనమే తెలుసుకోవాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా?"

ఆ రోజు నుంచి మేనకోడలి బాధ్యత ఆవిడే తీసుకుంది. చెడ్డ మనిషి కాదు, ప్రాణం పెడుతుంది పిల్లంటే. దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇది ఇంట్లో గొంతు తల్లీ, ఇది గదిలో గొంతు, ఇది వీధిలో గొంతు" అని నేర్పింది. మూడింటిలో వీధి గొంతే అన్నిటికన్నా చిన్నది. తలుపు చప్పుడు కాకుండా ఎలా వెయ్యాలో, కుర్చీ ఈడ్చకుండా ఎలా ఎత్తాలో చూపించింది. పిల్ల చురుకైనది కదా, ఇట్టే పట్టేసింది. కొన్నాళ్ళకే వీధంతా మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "ఎంత బుద్ధిమంతురాలండీ మీ అమ్మాయి! ఇంట్లో పిల్ల ఉందనే తెలీదు." స్కూల్లో టీచరూ అదే మాట. బాకా అన్న పేరు ఎవరూ మానమనకుండానే అందరూ మానేశారు. విని కర్టెనక్క కూడా గర్వంగా తల ఎగరేసింది. ఎందుకు ఎగరెయ్యదు, పిల్లని పొగిడితే ఏ తల్లికి చేదు?

ఆవిడకి మొదటిసారి ఎక్కడో కలుక్కుమన్నది తన విషయంలోనే. ఒకరోజు కుట్టుమిషను ముందు కూర్చుని చూసుకుంటే, మిషను కాళ్ళ కింద మడత పెట్టిన దుప్పటి ఉంది. చప్పుడు కాకుండా తనే పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. ఎప్పుడు పెట్టిందో కూడా గుర్తులేదు. "నా ఇంట్లో నా మిషను నోరు నేనే నొక్కానేంట్రా దేవుడా!" అని ఆ దుప్పటి లాగి అవతల పారేసింది. పారేసిందే గానీ, తొక్కేటప్పుడు కాలు మెల్లగానే పడింది.

ఆ తర్వాత ఓ సాయంత్రం పిల్ల మంచం మీద కూర్చుని చిప్స్ తింటోంది. బుగ్గ ఉబ్బి ఉంది గానీ దవడ కదలడం లేదు. కళ్ళు మూసుకుని ఎంతసేపటికీ అలాగే ఉంది.

"ఏమైందే? పన్ను నొప్పా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. నోట్లోది మింగాక, గుసగుసగా చెప్పింది: "నానబెడుతున్నానమ్మా. నమిలితే కరకరమంటుంది కదా."

కర్టెనక్క పక్కన కూర్చుని ఒక చిప్స్ ముక్క తీసి తన నోట్లో వేసుకుని కరకరా నమిలింది. పిల్ల ఉలిక్కిపడి కిటికీ వైపు చూసింది.

ఆ పూట మొగుడు రాగానే మొదలుపెట్టింది. "ఏమండీ, ఈ ఊరు మనకొద్దు."

"ఇప్పుడేమైంది?"

"పిల్ల గొంతు పోతోంది."

"జలుబా?"

"మీ మొహం! అది నవ్వి ఎన్నాళ్ళయిందో చూశారా? నవ్వడమంటే పళ్ళు చూపించడం కాదు, నవ్వడం!"

డ్రైవరు చొక్కా గుండీలు విప్పుతూ, "పెద్దదవుతోంది కదా. పద్ధతి నేర్చుకుంటోంది. అక్క ఏదో చెడు నేర్పలేదుగా" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "రోజూ నాతో కలిసి తింటోంది. సైకిలు వెనకాల నేను పరిగెడుతుంటే 'వదలకు నాన్నా' అంటోంది. మళ్ళీ ఆ షాపు మీదకెళ్తే నీలం చొక్కా అయిపోతాను నేను" అన్నాడు.

దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. వాదనలో జవాబు లేకపోవడం ఆవిడకి జీవితంలో అదే మొదలు. మొగుడిదీ న్యాయమే. ఇక్కడుంటే పిల్లకి తండ్రి దక్కుతాడు, గొంతు పోతుంది. అక్కడికి పోతే గొంతు దక్కుతుంది, తండ్రి పోతాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ వారమంతా కొట్టుకుంది. ఇంటాయన మర్యాదస్తుడు, తొందర పెట్టలేదు గానీ ఆదివారం ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఆడపడుచు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

ఆదివారం నలుగురూ ఆ ఇల్లు చూడ్డానికెళ్ళారు. సామానంతా తీసేసి ఖాళీగా ఉంది. మంచి ఇల్లే, పెద్ద పెద్ద కిటికీలు. కర్టెనక్క చేతులు అలవాటుగా వాటిని కొలిచాయి కూడా. ఇంటాయన తలుపులు తీసి చూపిస్తూ, "ఇదిగో, ఇది పాప గది. మా పిల్లలు పెరిగింది ఇందులోనే" అన్నాడు.

డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని కూతురి మొహంలోకి చూశాడు. "నచ్చిందా తల్లీ? తీసుకుందామా?"

పిల్ల గదంతా చూసింది. తండ్రి చెవి దగ్గరికి నోరు పెట్టి అడిగింది. చెవిలోనే అడిగింది గానీ, ఖాళీ గది కాబట్టి అందరికీ వినబడింది.

"ఇది మనదైపోతే, ఇందులో గట్టిగా ఏడవొచ్చా నాన్నా?"

ఆడపడుచే ముందు తేరుకుని, "ఏడవాల్సిన ఖర్మ నీకేంటే బంగారం? ఏం లోటు నీకు?" అంది.

"ఊరికే అడిగానత్తయ్యా" అంది పిల్ల. తర్వాత తండ్రికి మాత్రమే చూపిస్తున్నట్టు, పొడుగు సాక్సు కిందికి జరిపింది. మోకాలి కింద జానెడు మేర చర్మం లేచిపోయి, పక్కు కట్టి ఉంది. "సైకిలు మీంచి పడ్డా, నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు. చాలా ఏడుపొచ్చింది. కాలరు నోట్లో కుక్కుకున్నా. ఎవరికీ వినబడలేదు." చివరి మాట కాస్త గొప్పగానే చెప్పింది, పరీక్షలో మంచి మార్కులొచ్చినట్టు.

డ్రైవరు ఆ దెబ్బ వైపు చూస్తూ ఉండిపోయాడు. కర్టెనక్క మేడ మీదే ఉంది ఆ రోజు, మిషను ముందు. కిటికీ కింద పిల్ల పడింది, రక్తం కారింది, తనే కడుక్కుని సాక్సు వేసుకుంది. కన్నతల్లికి తెలీలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పిల్ల అడగడం కూడా మానేసింది.

"మా పిల్లలూ ఇక్కడే పెరిగారండీ" అన్నాడు ఇంటాయన, ఆ మౌనం సర్దుదామని. "ఒక్కనాడు ఏడవలేదు." అని, తను అన్నది తనకే ఎక్కడో తగిలినట్టు ఆగి, గోడ వైపు చూశాడు.

అంతే, కర్టెనక్క కోపానికి కట్టలు తెగాయి.

"మాకొద్దండీ మీ ఇల్లు!" అంది. ఆ ఖాళీ గదిలో ఆ గొంతు ఎంత మోగిందంటే ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "పిల్ల పడితే ఏడవాలి. ఏడిస్తే తల్లికి వినబడాలి. తల్లి పరిగెత్తుకు రావాలి. ఆ మాత్రానికి పనికిరాని ఇల్లు ఎంత పెద్దదైతే ఎవడికి కావాలి? అద్దంలాంటి రోడ్లట! ఆ అద్దంలో ఒక్క పిల్ల మొహమైనా కనబడిందా ఇన్నాళ్ళలో?"

"అమ్మాయ్! నెమ్మది, నలుగురూ వింటారు" అంది ఆడపడుచు, వేలు పెదాల మీద పెట్టి.

"విననీ! ఇన్నాళ్ళూ ఎవరూ వినకూడదనేగా నా కూతురు గుడ్డలు కొరుక్కుంది. ఇవాళ వీధి వీధంతా విననీ వదినా! నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, బాగానే ఉంది. అసలు నోరే లేకుండా చేసుకున్న ఊరు దేనికి మంచిది?"

"మరెక్కడుంటారే? మళ్ళీ ఆ మురికి కొంపకి పోయి వాణ్ణి అర్ధరాత్రి దాకా బస్సు తోలమంటావా? నా తమ్ముడి సుఖం అక్కర్లేదా నీకు?"

ఆ దెబ్బకి కర్టెనక్క తడబడింది. మొగుడి వైపు చూసింది. ఇక ఆయనేమంటే అది అన్నట్టు చూసింది. అలా చూడ్డం కూడా ఆవిడకి కొత్తే.

డ్రైవరు కూతురి సాక్సు మెల్లగా పైకి లాగి, లేచి నిలబడ్డాడు. "పట్టాల అవతల ఉందాం" అన్నాడు.

ఆడపడుచు నోరు తెరుచుకుంది. పట్టాల అవతలంటే డిపో వెనక వైపు. టైర్ల షాపులు, మెకానిక్కులు, లారీలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వాటాలు. ఊరు ఒకటే గానీ, రైలు గేటు దాటి అటు వెళ్ళడం ఈ వీధివాళ్ళకి నామోషీ.

"అక్కడ సంసారులుంటార్రా?"

"మా డిపోవాళ్ళంతా అక్కడేగా ఉండేది. నేనూ సాయంత్రానికి ఇంటికొస్తా. ఇంతకాలం నాకెందుకు తట్టలేదో!" అన్నాడు డ్రైవరు. నిజానికి తట్టకపోవడం కాదు. రోజూ డ్యూటీ దిగి ఆ వీధిలోంచే నడిచి వస్తాడు. అక్క ఏమంటుందోనని నోరెత్తలేదు. "ఏమనుకోకక్కా. నువ్వు దాని మంచికే చేశావ్. కానీ నేను వెనకాల పరిగెత్తి సైకిలు నేర్పిన పిల్ల, పడ్డానని కూడా నాకు చెప్పలేదు. నేనింట్లో ఉండీ ఏం లాభం?"

ఆ మనిషి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడ్డం భార్య కూడా ఎప్పుడూ వినలేదు.

ఆడపడుచు అలిగింది. వాళ్ళు సామాను దింపుకుంటుంటే తలుపు వేసుకుని కూర్చుంది. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానని చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. చుట్టాలు కర్టెనక్కకి ఫోన్లు చేసి బుద్ధి చెప్పారు. "మంచి వీధి వదిలేసి టైర్ల షాపు మీద కాపురమేంటమ్మా?" అంటే, "మీరొచ్చి మంచి వీధిలో ఉండండి, ఖాళీగానే ఉంది" అని పెట్టేసింది. కొత్త ఇల్లు గొప్పదని ఆవిడా అనదు. మెట్లు ఇరుకు, వంటింట్లో ఇద్దరు పట్టరు, పొద్దస్తమానం కింద గాలి కొట్టే చప్పుడు. పైవాటావాళ్ళు బట్టలు పిండకుండా ఆరేస్తే నీళ్ళు నెత్తిన పడతాయి. ఆ నీళ్ళ గురించి పైవాటా ఆవిడతో ఒకటికి రెండుసార్లు గట్టిగానే పోట్లాడింది. ఆ పోట్లాటల్లోనే ఇద్దరికీ స్నేహం కుదిరి, పైవాటా కిటికీలకి కర్టెన్లు కుడతానని మాటిచ్చింది.

పిల్ల గొంతు మాత్రం వెంటనే రాలేదు. వస్తుందనుకున్న కర్టెనక్కకి అది పెద్ద దెబ్బ. కొత్త ఇంట్లో కూడా అది మునివేళ్ళ మీదే నడిచింది, చిప్స్ నానబెట్టుకునే తింది. "ఇక్కడ అరవొచ్చే, గట్టిగా అరిచెయ్!" అని తల్లి అంటే బిక్కమొహం వేసేది. ఆవిడ ఒక్కోరోజు వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకునేది. అంచు కుట్టేశాక తెలిసిందా ఏంటి నాకు, ఆలస్యం చేశానా అని ఆవిడ భయం.

కొన్నాళ్ళకి ఆడపడుచు అలక తీరకపోయినా మేనకోడలి మీద బెంగ ఆపుకోలేక, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పిల్లకి కొత్త గౌను తెచ్చింది, లేత గులాబీ రంగుది, మెడ చుట్టూ కుచ్చులు. డ్రైవరు అప్పుడే డ్యూటీ దిగి భోజనానికి కూర్చున్నాడు.

"అత్తయ్య తెచ్చింది, వేసుకోవే" అంది కర్టెనక్క.

పిల్ల గౌను పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "వద్దు" అంది మెల్లగా.

"ఒక్కసారి వేసుకో. అత్తయ్య అంత ప్రేమగా తెచ్చింది."

"వద్దు. మెడ గుచ్చుకుంటుంది."

"గుచ్చుకోదే, పట్టులా ఉంది. చేతులెత్తు." కర్టెనక్క గౌను దాని తలమీంచి దించబోయింది.

"వద్దంటే వద్దు!" పిల్ల గౌను లాక్కుని నేలకేసి కొట్టింది. "నాకొద్దు! నాకు నచ్చలేదు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు! నువ్వు నా మాటే వినవు! చెడ్డమ్మవి నువ్వు!" కింద గాలి కొట్టేవాడు ఆపి తల పైకెత్తాడు. పిల్ల మొహం ఎర్రగా కందిపోయింది. నోరు బార్లా తెరిచి, గోడలదిరేలా ఏడుస్తూ లోపలి గదిలోకి పరిగెత్తి, తలుపు దడేల్మని వేసుకుంది. గోడకున్న కత్తెర కింద పడింది.

డ్రైవరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆడపడుచు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "చూశావా? చూశావా అమ్మాయ్? బంగారంలాంటి పిల్ల ఎలా తయారైందో! మా వీధిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క మాట ఎదురు చెప్పిందా? అక్కడే ఉంటే తల్లిని ఇలా అనేదా?"

కర్టెనక్క నేల మీది గౌను తీసి, దుమ్ము దులిపి, మడత పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోలేదు.

"అనేది కాదు వదినా" అంది. "అందుకే వచ్చేశాం."